పిలిచేదాకా

"బీపీ చూడమని తీసకపోతే చావు సంగతి అడగతారా?" లాజరస్ మళ్లీ అదే మాట అన్నాడు. కంచంలో చేపల పులుసు చల్లారిపోతోంది. తల్లి రెబెక్కమ్మ గోడవారగా కూర్చుని వింటోంది.

"అడిగితే ఏమైనాది? ఆ నర్సు పని అది," అంది డెబోరా, భర్తకు అన్నం వడ్డిస్తూ.

"మా అమ్మ అట్టా కనబడిందా ఆమెకి?"

"అందరినీ అడగతానే ఉన్నారు. మనకి ముందు ఒకామెను అడిగితే ఆమె మొగుడు జవాబు చెప్పినాడు, నీ మాదిరే."

భోజనానికి వచ్చిన చిన్నాన్న జకరయ్య నవ్వాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద. "వదిన ఏం చెప్పుంటాదో నాకు తెలుసు. ప్రభువు పిలిస్తే పోతాననే గదా. అది భక్తిరా అబ్బయా. అన్న పోయిన కాణ్ణించి అదే మాట."

నిజమే. ఆ పొద్దున ముత్తుకూరు ఆసుపత్రిలో, చావాలని ఎప్పుడైనా అనిపిస్తోందా అని అడిగితే రెబెక్కమ్మ ఆ మాటే చెప్పింది. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారు. నర్సు వనజాక్షి మాత్రం మందులకని లాజరస్‌ను బయటికి పంపి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"పిలిచేదాకా ఆగాలని ఉందా పెద్దమ్మా? ముందే పోవాలని అనిపిస్తా ఉందా?"

గుడికి పోయే ఆ నర్సుకి చర్చి మనిషిని అలా అడగాలని ఎలా తట్టిందా అని డెబోరా ఇంటికి వచ్చినా ఆలోచిస్తూనే ఉంది. అంతకంటే వింత, అత్త జవాబు చెప్పకపోవడం. ఏ బైబిల్ వాక్యం అడిగినా తడుముకోని మనిషి చీర కొంగు మడతలు పెడుతూ కూర్చుండిపోయింది. "రేపు రండి, మనిద్దరమే మాట్లాడుకుందాం," అంది నర్సు. అత్తను ఒంటరిగా వదలవద్దని డెబోరాకు చెప్పింది.

డెబోరా గరిటె పక్కన పెట్టి అత్త దగ్గర కూర్చుంది.

"అత్తా, ఆమెకేం చెప్పాలనుకున్నావు? నాకు తెలుసుకోవాలనుంది."

"నువ్వుండవే," అన్నాడు లాజరస్.

"ఆగడం కష్టంగా ఉంది," అంది రెబెక్కమ్మ.

లాజరస్ కంచం పక్కకి జరిపి తల్లి వైపు తిరిగాడు. జకరయ్య ముద్ద కంచంలోనే వదిలేశాడు. అలాంటి తలంపే పాపమని పోయిన ఆదివారం చెప్పింది ఆయనే. "ప్రార్థన చేద్దాం వదినా," అన్నాడు మెల్లగా.

"చెయ్యి జకరయ్యా. అదీ కావాల." రెబెక్కమ్మ గొంతు పెంచలేదు. అందరి మొహాలూ ఒక్కసారి చూసింది. "రేపు ఆ నర్సమ్మ కాడికి పోతాను. లోపలికి ఒక్కదాన్నే పోతా. ఈ రాత్రికి డెబోరా నా పక్కన పండుకుంటాది."