బిస్మిల్లా బీ చెప్పని మాట

సిరిసిల్ల చివర, మానేరు ఒడ్డున టూరింగ్ టాకీస్ డేరా వేసిందంటే పొద్దుగూకకముందే మగ్గాలు ఆగిపోయేవి. పోలీస్ యాక్షన్ అయి నాలుగైదేళ్ళు గడిచినా వచ్చేవి ఎక్కువగా హిందుస్తానీ బొమ్మలే. టాకీస్ యజమాని భూమన్న. మిషన్ నడిపేవాడు ఖాసిం. జట్కా మీద ఊరంతా తిరిగి ఆట సంగతి అరిచి వచ్చేవాడు కొండల్. ఎండిన గొంతు తడుపుకోకముందే గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపేవాడూ అతనే. వీళ్ళందరికన్నా పెద్ద కొలువు మాత్రం బిస్మిల్లా బీది. ఆడవాళ్ళ వైపు పరదా పక్కన నిలబడి, బొమ్మలో వాళ్ళు మాట్లాడుకునేదంతా తెలుగులో చెప్పడం ఆమె పని.

ఆమె చెప్పడం అయ్యేదాకా తెర మీదివాళ్ళు ఆగేవాళ్ళు. మొదటి నుంచీ అంతే. ఆమె పాన్ నములుతుంటే విలన్ ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకుని నిలబడేవాడు. ఓసారి దగ్గు తెర వచ్చి ఆమె నీళ్ళు తాగడానికి బయటికి పోతే, పెళ్ళికొడుకు చేతులు లాగేస్తున్నా దండ పట్టుకుని అలాగే ఉన్నాడు, పాపం. రీలు తిరుగుతూనే ఉండేది, ఆగేది మనుషులే. పెద్దమనిషి చెబుతుంటే నడుమ మాట్లాడకపోవడం మర్యాదే కదా, ఇదేమిటని ఎవరూ అడగలేదు. మిషన్‌లో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీలు ఊరికే కాలిపోతున్నాయని భూమన్న సణిగేవాడు, అంతే.

ఆసారి వచ్చిన బొమ్మలో, మొగుడు వదిలేసిన ఆడమనిషి చివరికి నదిలోకి దిగిపోతుంది. ఆడవాళ్ళంతా కొంగులు తడిసేలా ఏడ్చేవాళ్ళు. నర్మద ఒక్కతే ఏడ్చేది కాదు.

నర్మద నేతపని ఇంటి కోడలు. మొగుడు సిద్దిరాములు షోలాపూర్ మిల్లులో పనికి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని దసరాకు తెలిసింది. అప్పటి నుంచి ఆ పిల్ల మగ్గానికి నూలు కండెలు చుట్టేది, వంట చేసేది, ఎవరు పలకరించినా ఆఁ ఊఁ అని ఊరుకునేది. సాయంత్రం కాగానే మొదటాటకు వచ్చి పరదా దగ్గరే కూర్చునేది. బిస్మిల్లా బీ బొమ్మ చెబుతూనే మాటిమాటికీ ఆ ఎండిన కళ్ళ వైపు చూసేది.

తెల్లారితే డేరా జగిత్యాలకు మారుతుందనగా, ఆఖరి రోజు నర్మద అందరికన్నా ముందే వచ్చింది. చేతి వెండి కడియాలు తీసి బిస్మిల్లా బీ ఒళ్ళో పెట్టింది.

“గివి నీ మనుమరాలికి, బీబమ్మా. నాకిగ వీటితోని పని లేదు.”

“ఎందుకు బిడ్డా?”

నర్మద ఖాళీ తెర వైపు చూసింది. “ఆమె దిగిన కాడ నీళ్లు సల్లగుంటయా?” అని అడిగింది.

“ఎవలు?”

“బొమ్మల ఆమె. మన మానేరుల మడుగు కాడ గూడ గట్లనే ఉంటదా?”

బిస్మిల్లా బీ కడియాలు మళ్ళీ ఆ పిల్ల చేతులకే తొడిగి, “గట్ల మాట్లాడకు. ఆట అయినంక ఎటూ పోకు. ఇయ్యాల నా కాడనే పండుకో” అంది.

“సరే తియ్యి” అంది నర్మద. ఆ అనడంలోనే ఉండదని తెలిసిపోయింది. అంతలో గంట కొట్టారు, ఆడవాళ్ళు బిలబిలమంటూ వచ్చిపడ్డారు.

ఆ రోజు బొమ్మంతా బిస్మిల్లా బీ తడబడుతూనే చెప్పింది. చివరికి ఆ నది రానే వచ్చింది. తెర మీది మనిషి పాదాలు మునిగేదాకా నీళ్ళలోకి నడిచి, ఒక మాట అని, ఎప్పటిలాగే ఆగింది. ఇక్కడ బిస్మిల్లా బీ, ‘ఇగ నాకెవ్వలు లేరు, నన్ను తీస్కపో గంగమ్మా అంటున్నది’ అని చెప్పాలి. చెబితే ఆమె లోపలికి పోతుంది.

బిస్మిల్లా బీ నోరు మూసుకుంది.

“చెప్పు బీబమ్మా” అన్నారు వెనక నుంచి. మగవాళ్ళ వైపు ఈలలు మొదలయ్యాయి. “ఖాలా, కడ్డీ అయిపోతున్నది, జర జల్దీ!” అని మిషన్ దగ్గర నుంచి ఖాసిం కేక పెట్టాడు. ఆఖరికి భూమన్నే పరదా దగ్గరికి వచ్చాడు.

“ఏమైంది బీబమ్మా? చెప్పరాదు?”

“చెప్ప, సేటూ.”

“చెప్పకుంటే జగిత్యాలకు నిన్ను తోల్కపోను. ఇంకొకల్ని చూస్కుంట.”

“చూస్కో.”

అనడమైతే అంది గానీ, ఈ కొలువు పోతే తల్లి లేని మనుమరాలిని సాకే దారి లేదు. అయినా ఆ మాటను మాత్రం నోటి నుంచి రానివ్వలేదు.

తెర మీది మనిషి ఎదురుచూస్తోంది. అంతసేపు నీళ్ళలో నిలబడడం ఆమెకు ఎన్నడూ లేదు. ముందు ఒక కాలు మార్చింది. కుచ్చెళ్ళు తడుస్తున్నాయని కాస్త పైకి పట్టుకుంది. గాలికి వణికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆమె పళ్ళు టకటకలాడడం డేరా అంతా వినబడింది, ఈలలు ఆగిపోయాయి. ఎవరైనా ఏదైనా చెప్పకపోతారా అన్నట్టు ఆమె ఆడవాళ్ళ వైపే చూస్తోంది.

నర్మద లేచి నిలబడింది.

“సలి పెడ్తలేదా అక్కా నీకు?” అంది. వాడక వాడక గొంతు బొంగురుపోయింది. “గంత సల్లటి నీళ్లల్ల ఎందుకు నిలవడ్డవ్? వాడు రాకుంటే రాకపాయె. ఒడ్డుకు రా. వచ్చి బట్టలు పిండుకో.”

తెర మీది మనిషి చివరిదాకా విన్నది. తల ఊపి, వెనక్కి తిరిగి ఒడ్డెక్కింది. కూర్చుని కొంగు గట్టిగా పిండుకుని, ఊరివైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రీలు అయిపోయి తెర తెల్లబడింది.

“ఇయ్యాల బొమ్మ మంచిగైంది” అనుకుంటూ ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు. గేటు దగ్గర ఆ మాట చెవిన పడ్డ భూమన్న, జగిత్యాల బండిలో బిస్మిల్లా బీకి చోటు ఉంచమని కొండల్‌తో చెప్పాడు. నర్మద మాత్రం ఉన్నచోటే కూలబడి, దసరా నుంచి లోపల పెట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. బిస్మిల్లా బీ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. ఏడవనిచ్చింది.

చాలాసేపటికి నర్మద ముక్కు చీది, మొహం తుడుచుకుంది.

“ఆకలైతున్నది, బీబమ్మా” అంది.