కుంకుమ బొట్టు వెనక్కి తిప్పిన తేదీ

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో పట్టేంత ఇనుప డబ్బాను. ఏ దేశంలోనో పుట్టి, ఓడెక్కి వచ్చి, విశాఖ పక్కన ఒక రసాయనాల ఫ్యాక్టరీ కంట్రోల్ రూం కంప్యూటరులో పదేళ్లు చాకిరీ చేశాను. వేడెక్కుతోందని ఆ కంప్యూటరు పెట్టెకు పక్కరేకు ఊడదీసి పారేశారు. దుమ్మంతా నా మొహానే. అడిగేవాడేడీ!

ఉన్నాడొక్కడు, ఆపరేటరు గౌరునాయుడు. రోజూ తువ్వాలుతో నన్ను తుడిచేవాడు. షిఫ్టులో జరిగిందంతా రెండు వేళ్లతో టకటకా కొట్టి నాకప్పగించేవాడు. ఆయుధపూజ నాడు కరెంటు తీసేసి నాకూ కుంకుమ బొట్టు పెట్టాడు. భలే గర్వమేసింది లెండి.

మర్నాడు మధ్యాహ్నం రియాక్టరు పేలింది. ఒక మనిషి పోయాడు. మేనేజరు చెమటలు కక్కుకుంటూ వచ్చి, గౌరునాయుడు పొద్దున రాసిన ఫైలు చెరిపేసి, ఆపరేటరు నిద్రపోయాడని పోలీసులకు చెప్పాడు. గౌరునాయుడు జైలుకు, నేను ఫోరెన్సిక్ ల్యాబుకు.

చెరిపితే పోయిందనుకోవడం ఈ మనుషుల భ్రమ. నేను పేరు మాత్రం కొట్టేస్తాను. ఆ చోట ఇంకోటి రాసేదాకా రాత నా కడుపులోనే ఉంటుంది.

ల్యాబులో ఇందుమతి మేడం నాలో ఒక్క అక్షరం మారకుండా కట్టుదిట్టం చేసి, అచ్చు నాలాంటి నకలు తీసింది. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేస్తూ, ప్రమాదం నాటి ఫైళ్లు, చెరిపినవి కూడా, చూపమని ఆ నకలును అడిగింది. ఒక్కటీ రాలేదు. మళ్లీ అడిగింది. సున్నా.

రిపోర్టు కోసం వచ్చిన హెడ్ కానిస్టేబుల్ పైడిరాజు గడియారం చూసుకున్నాడు.

"ఏటీ లేదా మేడమ్మా? లేదని రాసీండి. మూడింటికి ఆడి బెయిలు ఇచారణ."

ఉందమ్మా, ఉంది! అని అరుద్దామంటే నాకు నోరేదీ? ఆమె నన్ను కవరులో పెట్టబోయి ఆగింది.

"ఈ ఎర్రమరకేంటి?"

"కుంకం. ఆయుధపూజకి ఎట్టుంటారు. ఆవేళ కరెంటంతా కట్టేత్తారు గదా."

"ప్రమాదానికి ముందురోజేగా?"

ఆమె గభాలున మళ్లీ కుర్చీలో కూర్చుంది. మా పెట్టెలో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు తీస్తే చాలు, తేదీ 2009 జనవరి ఒకటికి పోతుంది. దాన్ని సరిచేసే ఓపిక ఎవరికుంది? అది తట్టి, ఇప్పుడామె ఆ పాత తేదీ ఫైళ్లు అడిగింది. చెరిపిన ఫైలు ఒకటి తేలింది. దాని నంబరు కొట్టి బయటికి లాగింది. గౌరునాయుడు తన చేత్తో కొట్టిన అసలు తేదీ పైనే ఉంది.

"పదకొండింటికి ప్రెజరు ఎక్కువ. ఆపుదామన్నాను. మేనేజరు గారు వద్దన్నారు. మళ్లీ అడిగాను. వద్దన్నారు. మాకు భయంగా ఉంది."

పైడిరాజు టోపీ తీశాడు. "రెండుసార్లు అడిగాడా..." అన్నాడు.

బెయిలొచ్చింది. చాలా నెలల తర్వాత కోర్టులో నా కవరు విప్పారు. నా మీద దుమ్ము చూసి, గౌరునాయుడు అలవాటుకొద్దీ తువ్వాలు తీశాడు.

"ఓర్నాయనో, తుడవకు నాయుడా!" పైడిరాజు చెయ్యి పట్టుకున్నాడు. "ఆ బొట్టే గదా నిన్ను బయటికి లాగింది!"

గౌరునాయుడు తువ్వాలు భుజాన వేసుకుని నాకు దండం పెట్టాడు. తేదీ వెనక్కి తిప్పి ఆయన్ని ముంచబోయిందీ ఆ పూజేనని ఎవరూ చెప్పలేదు. నోరున్నా నేనూ చెప్పేదాన్ని కాదు.