అత్తగారు వచ్చే సాయంత్రాలు

పెళ్ళయిన చాలాకాలం వరకు ఆమె కడుపునొప్పికి ఇంట్లో పేరంటూ లేదు. "నెలనెలా వచ్చేదేగా" అనేవాళ్ళు. ఆమె కూడా అంతే అనుకునేది. కళ్ళజోళ్ళ షాపులో, ఫ్రేముల్లో అద్దాలు బిగించడం ఆమె పని. ఎత్తు స్టూలు మీద కూర్చుని, చీమంత స్క్రూలు తిప్పుతూ, ఒళ్ళో వేడినీళ్ళ సంచీ పెట్టుకుని ఆ నాలుగు రోజులూ ఎలాగో నెట్టుకొచ్చేది. ఒకనాడు ఎవరో ముసలాయన కళ్ళజోడు బిగిస్తూ బిగిస్తూనే స్టూలు మీంచి కిందికి జారిపోయింది. ఓనరు హడలిపోయి తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అప్పుడు తెలిసింది దాని పేరు. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా, అండాశయాల మీదా పేగుల మీదా పెరిగి, నెలనెలా వాచి, లోపలివన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయేలా చేస్తుందని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళు హాయిగా గడిచింది. ఆ తర్వాత కథ మళ్ళీ మొదటికొచ్చింది. మాత్రలు వేసుకున్నా నొప్పి పూర్తిగా లొంగలేదు.

"మసాజ్ కూడా చేయించి చూడండి," అంది డాక్టరమ్మ. "దాంతో జబ్బు పోతుందని చెప్పను. నొప్పికి బిగుసుకుపోయిన ఒళ్ళు కాస్త వదులవుతుంది. కొందరికి అదే పెద్ద ఊరట."

ఫిజియోథెరపిస్టు చిన్నపిల్ల, గలగలా మాట్లాడే మనిషి. ఇంట్లోవాళ్ళు ఎవరైనా నేర్చుకుంటే మంచిదంది. మొదట భర్తే ముందుకొచ్చాడు. భార్య పొట్ట మీద చెయ్యి వేశాడు, ఆమె మొహం ముడుచుకుంది, అంతే, నిప్పు తగిలినట్టు చెయ్యి లాగేసుకున్నాడు.

"నా వల్ల కాదండీ. నేనే హింస పెడుతున్నట్టుంది," అన్నాడు.

వెనక కుర్చీలోంచి అత్తగారు లేచింది. "జరుగు, నే చూస్తా."

ఆవిడ వయసులో ఉన్నంతకాలం బేకరీలో పిండి పిసికిన మనిషి. ఆవిడ చెయ్యి పడగానే కోడలు కెవ్వుమంది. ఫిజియో నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, ఇది బ్రెడ్డు పిండి కాదండీ! నొక్కకండి. చేతికి ఎంత బరువుందో అంతే, అలా ఆన్చి ఉంచండి."

గోరువెచ్చటి నూనె, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపుకి, నెమ్మదిగా. అక్కణ్ణించి పొత్తికడుపుకి, పక్కలకి. చివర్లో పక్కకి తిప్పి నడుము కింద. ఎక్కడైనా బిగుసుకుంటే చెయ్యి అక్కడే ఆగిపోవాలి, దాంతో కుస్తీ పట్టకూడదు.

"ఆగడం ఒక్కటే నాకు పుట్టుకతో రాలేదు," అంది అత్తగారు. "సరేలే, నేర్చుకుంటా."

నేర్చుకుంది. నొప్పి రోజుల్లో సాయంత్రం కోడలు షాపు నుంచి రాగానే తువ్వాలు పరిచి, నూనె గిన్నె వేడినీళ్ళలో పెట్టి సిద్ధంగా ఉండేది. జబ్బు పేరు నోరు తిరగక 'ఎండు రోగం' అని ఖాయం చేసేసింది. "ఏమంటోందే నీ ఎండు రోగం?" అంటూ చెయ్యి వేసేది. మొదట్లో ఆ చేతికి తొందర ఉండేది. రాను రాను అది పోయింది. నొప్పి ఎక్కడ ముడి పడిందో కోడలు చెప్పకముందే ఆ చెయ్యి అక్కడికి వెళ్ళి ఆగేది. ఆ ఆగడంలోనే కోడలికి ఎప్పుడో ఒకప్పుడు నిద్ర పట్టేది.

అలాంటి ఒక సాయంత్రం అత్తగారే చెప్పింది. "బేకరీలో నొప్పొచ్చినప్పుడు బల్ల అంచుకి పొట్ట ఆనించి పిసికేదాన్ని. రాతి బల్ల. చల్లగా హాయిగా ఉండేది. వాడొక్కడు పుట్టాక మళ్ళీ కడుపు నిలవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు."

"మీకూ ఇదేనేమో అత్తయ్యా."

"ఏమో. ఇప్పుడు తెలుసుకుని ఏం బావుకుంటా? ఊపిరి వదులు, బిగబట్టకు."

భర్త మాత్రం ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, వెళ్ళి టీవీ పెట్టుకునేవాడు. తాకితే నొప్పెడుతుందని అతని భయం. తాకబోతున్నాడని తెలియగానే ఆమె ఒళ్ళు దానంతటదే బిగుసుకునేది. ఒకే మంచం మీద చెరో అంచు పట్టుకుని పడుకునేవాళ్ళు. పిల్లల కోసం వైద్యం చేయించుకున్నారు, కడుపు నిలవలేదు. మళ్ళీ చేయించుకున్నారు, నిలవలేదు. మూడోసారి ఆమె వద్దంది.

ఒక ఆదివారం అతను టిఫిను పళ్ళెం ముందు కూర్చుని, తినకుండా, "నాకు పిల్లలు కావాలి. ఆ ఆశ చంపుకోలేకపోతున్నాను. నీ తప్పని అనట్లేదు," అన్నాడు.

"అనకపోతే మాత్రం?" అంది ఆమె. లేచి వెళ్ళి స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చింది.

విడాకులు గొడవల్లేకుండానే అయిపోయాయి. ఆమె షాపు వెనక వీధిలో, మూడో అంతస్తులో ఒంటి గది తీసుకుంది. మంచం, గ్యాసు పొయ్యి, వీధి వైపు ఒక కిటికీ. సామాను సర్దుకునే రోజున అత్తగారు కొడుకుతో పలకలేదు, కోడలితోనూ పలకలేదు. గిన్నెలు కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టింది, అంతే.

ఆ గదిలో మొదటిసారి నొప్పొచ్చిన సాయంత్రం ఆమె మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది. తలుపు చప్పుడైంది. ఎలాగో లేచి తీస్తే, గోడ పట్టుకుని రొప్పుతూ అత్తగారు.

"ఇంతకంటే పైన ఇల్లు దొరకలేదటే? మోకాళ్ళు అరిగిపోయాయి!"

"మీరెందుకొచ్చారు? ఎలా తెలిసింది?"

"లెక్క తెలీదా నాకు? బస్సెక్కాను, వచ్చాను. పడుకో."

ఆమె కదల్లేదు. "ఇంకా మిమ్మల్ని అత్తయ్యా అనొచ్చా?"

"లేకపోతే మేడమ్ అంటావా? పడుకో ముందు."

అప్పట్నించి ప్రతి నెలా వచ్చేది. కొడుకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడన్న సంగతి కూడా ఆ గదిలోనే, తువ్వాలు మడతపెడుతూ చెప్పింది. "మంచి పిల్లేనా?" అని అడిగింది ఆమె. "మంచిదే. తల్లి లేదు పాపం," అంది అత్తగారు. తర్వాత ఇద్దరూ టీ తాగారు. పంచదార ఎక్కువైందని అత్తగారు సణిగింది.

ఒకరోజు ఆవిడ చెయ్యి మామూలుగా లేదు. బొడ్డు చుట్టూ తిరుగుతోంది గాని, ధ్యాస ఇంకెక్కడో ఉన్నట్టుంది. నూనె చల్లబడిపోయినా గమనించలేదు.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏం లేదు."

"చెప్పండి."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఆ పిల్లకి నెల తప్పింది."

ఆ చేతి కింద ఆమె పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. దాచుకోవాలనుకుంది. మొహాన్నయితే దాచుకోగలిగేది, కిటికీ వైపు తిప్పుకుంటే సరిపోయేది. పొట్టని ఎక్కడ దాచుకుంటుంది? అత్తగారికి అంతా తెలిసిపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. కింద ఎవడో బండి స్టార్టు కాక పదేపదే కిక్కు కొడుతున్నాడు. చాలాసేపటికి ఆమె ఊపిరి వదిలింది. ఆ ఊపిరితో పాటే ఏడుపూ వచ్చింది. అత్తగారు రెండో చెయ్యి కూడా తెచ్చి మొదటి చేతి పక్కన ఆన్చింది.

"నేను సంతోషించాలి కదే," అంది కాసేపయ్యాక. "వాడి బిడ్డ. సంతోషంగానే ఉంది. బస్సులో వస్తుంటే మాత్రం కాళ్ళు వెనక్కి లాగాయి."

"మీరు సంతోషించండి అత్తయ్యా. నా కోసం ఆపుకోకండి," అంది ఆమె. అబద్ధం చెప్పలేదు. నిజం మొత్తం చెప్పనూ లేదు.

పురుడు దగ్గరపడిన నెలలో అత్తగారు వచ్చి, నూనె పక్కన పెట్టి, "ఇవాళ నువ్వు చేసుకో, నేను చూస్తా," అంది. బిడ్డ పుట్టాక తనకి ఇల్లు కదలడం కుదరదని, ఆ పిల్లకి చూసుకునే దిక్కు వేరే లేదని చెప్పింది. క్షమించమన్నట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. ఆమె చెయ్యి మీద తన చెయ్యి వేసి బొడ్డు చుట్టూ తిప్పించింది. "తొందరపడకు. అక్కడ ఆగు. ఆఁ, అలా." పక్కల దాకా బాగానే వచ్చింది. ఆమె నడుము వైపు చెయ్యి వెనక్కి పెట్టుకోబోయింది.

"నడుముకి నీ చెయ్యి అందదే," అంది అత్తగారు. ఆ మాట అనేసి, గభాలున లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, మరుగుతున్న నీళ్ళని అవసరం లేకపోయినా చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత నెల ఆమె ఒక్కతే చేసుకుంది. నూనె వెచ్చబెట్టుకుంది, తువ్వాలు పరుచుకుంది, చెప్పింది చెప్పినట్టే చేసింది. నొప్పి కొంత తగ్గింది కూడా. కానీ చేసే చెయ్యీ తనదే, చేయించుకునే పొట్టా తనదే కావడంతో, అంతా అయ్యేసరికి షాపులో రెండు షిఫ్టులు చేసినంత అలసట వచ్చింది. నిద్ర పట్టలేదు. గోడకి నడుము ఆనించి కూర్చుంది.

ఫోను మోగింది.

"చేసుకున్నావా?" అత్తగారు. వెనక నుంచి గుక్కపట్టిన పసిపిల్ల ఏడుపు.

"చేసుకున్నాను. ఎప్పుడు పుట్టింది?"

"మొన్న. ఆడపిల్ల. తగ్గిందా?"

"కొంచెం. బిడ్డ ఏడుస్తున్నట్టుంది, వెళ్ళండి అత్తయ్యా."

"వాళ్ళ నాన్న ఉన్నాడుగా, ఎత్తుకుంటాడు. నువ్వు చెప్పు. ఎక్కడ పట్టుకుంది ఇవాళ?"

చెప్పబోయింది. ఆగిపోయింది. అవతల ఆవిడ మళ్ళీ అడగలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు. ఏడుపు కొంచెం కొంచెంగా దూరమైంది, ఎవరో బిడ్డని వేరే గదిలోకి తీసుకెళ్ళినట్టున్నారు. ఆమె ఫోను చెవికి ఆన్చుకుని పక్కకి ఒరిగి పడుకుంది.

"నడుము దగ్గర అత్తయ్యా," అంది చివరికి.