తడి గోడ మీద రంగు

ఇద్రీస్ పోయిన నలభై మూడో రోజున దానిష్ మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే ఆగి, లోపలికి రానందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

"మీరు ఇద్దత్‌ల ఉన్నరు కద భాభీ. నేను లోపటికి రాను. పద్ధతి తెలిసినోన్ని."

భర్త పోయినావిడ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండాలి. దాన్నే ఇద్దత్ అంటాం. తప్పనిసరి పని ఉంటే పగటిపూట వెళ్లి రావచ్చు. ఆ రెండో మాట దానిష్‌కు తెలియదు. తెలిసినా ఆ రోజు అతనికి దానితో అవసరం లేదు.

అతను మా ఆయన దగ్గర మూడేళ్లు పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడని ఇద్రీస్ అనేవాడు. నేను ఎప్పుడూ అనలేదు. నిరుడు వేరుపడి సొంత గ్రూపు పెట్టుకున్నాడు. ఈ జూలైలో గోదావరి బూర్గంపాడులోకి వచ్చి, అబూబకర్ సేఠ్ కాంప్లెక్స్‌లో కింది తొమ్మిది షాపులూ షట్టర్ల పైదాకా మునిగాయి. వాటిని బాగుచేసే పని మొదట ఇద్రీస్‌దే. ఒండ్రు ఎత్తిపోసి, గోడలు కడిగి, నీళ్లు నిలిచిన గుర్తుకు మూరెడు పైదాకా పాత ప్లాస్టరింగ్ కొట్టేసేంతవరకు చేశాడు. ఆ బురదలోనే జ్వరం తగిలింది. ఖమ్మం దవాఖానాలో తొమ్మిది రోజులున్నాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

మిగిలిన పని దానిష్ తీసుకున్నాడు. ఇద్రీస్ అయితే ఇటుకను రెండు నెలలు బోడిగా వదిలేసేవాడు. దానిష్ పన్నెండు రోజుల్లో ప్లాస్టరింగ్ చేసి, లప్పం పెట్టి, మెరిసే రంగు కొట్టాడు. ఊళ్లో చాలామంది అతని చురుకుదనాన్ని పొగిడారు. చురుకుదనం అనే మాటను నేను పిల్లలకు నేర్పేటప్పుడు ఇకనుంచి కొంచెం ఆలోచించాలి.

"ఏం పని మీద వచ్చావు దానిష్?"

"చిన్న పని భాభీ. మీకు రెండు నిమిషాలు గుడ పట్టదు." ఒక తెల్ల అట్టముక్క, నల్ల మార్కర్ గుమ్మంలో పెట్టాడు. "దీని మీద 'ఎండింది' అని రాసియ్యుండ్రి. ఎప్పట్లెక్కనే. మేం కత్తిరించుకొని, తొమ్మిది షాపులల్ల జాజుతోని అచ్చు కొట్టుకుంటం. మీరు అడుగు బయట పెట్టే పని లేదు."

ఎందుకు అడుగుతున్నాడో చెప్పాలంటే ఇద్రీస్ పద్ధతి చెప్పాలి. గోడ ఆరిందో లేదో అతను చేత్తో తాకి చెప్పేవాడు కాదు. అరచేయంత పాలిథిన్ కవరు ముక్కను బోడి గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి, ఒక రాత్రి వదిలేసేవాడు. పొద్దున కవరు లోపలివైపు చెమ్మ కనబడితే ఇంకో వారం. కనబడకపోతే ఆ గోడ మీద ఎర్రటి జాజుతో 'ఎండింది' అని, కింద తేదీ. షాపు తీసుకున్నవాళ్లు వచ్చి ఆ రాత చూసుకున్నాకే ప్లాస్టరింగ్ మొదలుపెట్టనిచ్చేవాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ వరద తర్వాత సరుకు దించేముందు ఎవరైనా అడిగే మాట ఒకటే, ఇద్రీస్ మేస్త్రి రాసిండా అని.

ఇద్రీస్ రాయలేదు. అతను ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి దాకా చదివాడు. తెలుగు రాయడం రాదు. ప్రతి గోడ మీదా రాసింది నేను, బడి వదిలాక కుంచె పట్టుకుని వెళ్లి. ఆ సంగతి మా ఇద్దరికీ, జాజు డబ్బా పట్టుకున్న దానిష్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

"రంగు వేశాక పైన రాస్తారా? అది ప్లాస్టరింగ్ కిందకు పోయే రాత."

"అందరికీ కనవడాలె కద భాభీ. షోగా ఉంటది. చుట్టూ బార్డర్ గుడ కొడ్తున్నం."

"కవరు అంటించి చూశావా?"

"గిప్పుడు గవన్నీ ఎవరు చేస్తున్నరు? నాలుగు హాలోజన్ లైట్లు పెట్టి ఎండగొట్టినం. గోడ పాపడం లెక్కయింది."

"పాపడం అయితే నా రాత ఎందుకు?"

అతను నవ్వాడు. అన్నయ్య పేరు నిలబెట్టాలని సేఠ్‌కు, తనకు ఎంత ఆశో చెప్పాడు. చనిపోయినవాళ్ల పేరు నిలబెట్టడానికి వచ్చేవాళ్లు ఖాళీ చేతులతో రారు. ఒక మార్కర్ తెచ్చుకుంటారు.

అట్టముక్కను కాలితో కాదు, చేత్తోనే అతనివైపు జరిపాను. "రాయను."

"శుక్రవారం షాపులు తెరుస్తున్నరు భాభీ. మంది తిడ్తరు మిమ్మల్ని."

"తిట్టనీ."

తిట్టడానికి మొదట వచ్చింది జోజమ్మ. ఆమెకు నాలుగో నంబరు షాపు ఉంది. మూడు కుట్టుమిషన్లు పెట్టి మా బడికి, ఇంకో రెండు బళ్లకు యూనిఫాంలు కుడుతుంది. వరద వచ్చిన రాత్రి మిషన్లను, తాన్లను చర్చి డాబా మీదికి ఎక్కించింది. అప్పటినుంచి అక్కడే టార్పాలిన్ కింద కుడుతోంది. వాన పడితే ఆపుతుంది. ఇప్పుడు రోజూ వాన పడుతోంది.

"ఏంది టీచరమ్మా, రాయనన్నవట? మేస్త్రి రాత నీ చేతిల ఉన్నదని దానిష్ ఇప్పుడు ఊరంత చాటుతుండు."

"నాలుగైదు వారాలు ఆగు జోజమ్మా. గోడ ఆరలేదు."

"నూట ఎనబై జతలు. నెలాఖరుకు ఇయ్యకపోతే పాల్వంచ షాపుకు పోతది ఆర్డరు. గోడ ఆరేదాక పిల్లలు చెడ్డీల మీద ప్రార్థన చేస్తరా?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒక్క మాట రాస్తే పోయేదేముంది? నీ సొమ్మేమన్న పోతదా?"

నా సొమ్మేమీ పోదు. గోడలు ఎండాయని రాస్తే ఆమె నా మాట నమ్మి తాన్లను గోడవార పేరుస్తుంది. నెల తిరగకముందే బూజు పడుతుంది. రాయకపోతే ఆమె ఆర్డరు పోతుంది. రెండిట్లోనూ నష్టం ఆమెదే. దానిష్ పని మాత్రం రంగుతో అయిపోయింది.

వంటింట్లోంచి పాల ప్యాకెట్టు కత్తిరించిన కవరు, టేపు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"తాళంచెవి నీ దగ్గర ఉంది కదా. నీ కత్తెర కొనతో గోడమీద అరచేయంత రంగు, లప్పం గీకెయ్. ఇది అంటించు. పొద్దున నేను వస్తాను. లోపల చెమ్మ లేకపోతే అప్పుడే రాస్తాను."

"నువ్వు బయటికొస్తవా? ఇద్దత్ కాదు?"

"పగలే కదా."

మర్నాడు తొమ్మిదింటికి నల్ల బురఖా వేసుకుని వెళ్లాను. నలభై నాలుగు రోజుల తర్వాత వీధి. కాంప్లెక్స్ ముందు షామియానా రాడ్లు దింపుతున్నారు. గోడలకు నిమ్మపండు రంగు. ఆ రంగును సేఠ్ స్వయంగా ఎంచుకున్నాడట. తొమ్మిది షాపుల్లోనూ షట్టరు పక్కన ఎర్ర బార్డరుతో ఒక ఖాళీ గడి, లోపల నా అక్షరాలు పడడానికి సిద్ధంగా ఉంది. శుభలేఖలో పేరు కోసం వదిలిన జాగాలాగా ఉంది.

అబూబకర్ సేఠ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పై అంతస్తులో అతని బట్టల షోరూం ఉంది. దానికి నీళ్లు తాకలేదు. చుట్టూ షాపులవాళ్లు ఉన్నారు. అయిదో నంబరులో సెల్‌ఫోన్లు బాగుచేసే రామన్న, జోజమ్మ, ఇంకో అయిదారుగురు.

"రా బేటీ, రా. ఇద్దత్‌ల ఆడపిల్ల రోడ్డు మీదికి రావొద్దు. కాని నువ్వు చదువుకున్నదానివి, ఏం చెప్తం," అన్నాడు సేఠ్.

"ఇద్రీస్‌కు పేరు రావాలని మీరు ఇంత కష్టపడుతుంటే ఇంట్లో ఎట్లా కూర్చుంటాను చాచా?"

జోజమ్మ షట్టరు ఎత్తింది. కొత్త రంగు వాసన, దాని కింద ఇంకో వాసన. వానాకాలంలో బడి మధ్యాహ్న భోజనం గదిలో వచ్చే వాసన అది. గోడమీద పాలకవరు కనబడింది. లోపలివైపు నీటిచుక్కలు ఒకదాన్నొకటి కలుపుకొని కిందికి జారుతున్నాయి. రామన్న వేలితో కవరు మీద తట్టాడు. చుక్కలు కదిలాయి.

"అది రంగుల నీళ్లు," అన్నాడు దానిష్.

"రంగు గీకి అంటించింది అన్నా," అన్నాడు రామన్న. "కనవడ్తలేదా?"

"అయితే లప్పంల నీళ్లు."

"లప్పం గుడ గీకిన," అంది జోజమ్మ. "ఇగ ప్లాస్టరు, ఇటుకనే మిగిలినయ్. వాటిల ఉన్నయి ఎవరి నీళ్లు? మావా?"

సేఠ్ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "అరే, గోదావరి ఒడ్డున గోడకు కొంచెం చెమ్మ ఉండదా? ఇంత చిన్నదానికి పని ఆపుకుంటామా? టీచరమ్మ రాస్తది. ఏం బేటీ?"

"రాస్తాను చాచా," అన్నాను. దానిష్ ముఖం విప్పారింది. "మీ పై షోరూం నుంచి పది పట్టుచీరలు తెప్పించండి. ఈ గోడకు ఆనించి ఒక వారం ఉంచుదాం. వాటికి ఏమీ కాకపోతే తొమ్మిది గడుల్లోనూ నా చేత్తో రాస్తాను."

సేఠ్ పై అంతస్తువైపు చూశాడు.

"పట్టుచీరలు కింద పెట్టరు," అన్నాడు.

"ఎందుకు?"

"ఎలుకలుంటయ్."

జోజమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎలుకలా? మా యూనిఫాంలు ముట్టవా అవి? గవర్నమెంటు బట్టని ఊకుంటయా?"

అందరూ నవ్వారు. షామియానా రాడ్లు దింపే మనిషి కూడా నవ్వాడు.

"పోనీ కాటన్ చీరలు తెప్పించు సేఠ్," అన్నాడు రామన్న. "రెండే."

"దుకానంల సరుకు గట్ల బయట పెడ్తె గిరాకీ పోతది..."

"లుంగీలు?"

"అరే, మజాక్ చేస్తున్నవా?"

"ఒక్క లుంగీ సేఠ్. నువ్వు కట్టుకున్నదే ఇయ్యి, పాతదైనా పర్లేదు."

సేఠ్ లేచాడు. తన గోడకు తన లుంగీ కూడా ఆనించని మనిషి, ఇష్టం లేనివాళ్ల షాపులు వేరేవాళ్లకు ఇస్తానని, ఇల్లందు నుంచి మంది క్యూ కట్టారని, ఉపకారం తెలియని ఊరని చెప్పి పై అంతస్తుకు మెట్లెక్కాడు. దానిష్ నావైపు చూసి, "అన్నయ్య ఉంటే ఇట్ల చేస్తుండెనా భాభీ," అన్నాడు. ఆ ఒక్కదానికే ఆ రోజు నాకు కోపం వచ్చింది.

రామన్న తాళంచెవి సేఠ్ వదిలిన కుర్చీలో పెట్టేశాడు. తడి గోడలో కరెంటు బోర్డులు పెట్టుకుని ఫోన్లు చార్జి చెయ్యలేనన్నాడు. ఇంకో ఇద్దరు అలాగే పెట్టేశారు. మిగిలినవాళ్లు చేతుల్లో తాళంచెవులు తిప్పుతూ నిలబడ్డారు. వాళ్లలో కొందరు శుక్రవారం తెరిచారు కూడా. దానిష్ ఆ గడుల్లో 'ఎండింది' అని తనే రాశాడట, బాగా పెద్ద అక్షరాలతో. నేను చూడలేదు.

జోజమ్మ కూడా తాళంచెవి సేఠ్ కుర్చీలో పెట్టి నా వెంట నడిచింది. మూల మలుపులో ఆగి, "మంచిగ చేసినవ్. అందరు నవ్విన్రు. నేను గుడ నవ్విన," అంది. "ఇగ చెప్పు. నూట ఎనబై జతలు ఎక్కడ కుట్టాలె? నీ నవ్వుల మీద కుట్టాల్నా?"

సేఠ్‌ను, దానిష్‌ను చిన్నచూపు చూడడం నాకు కష్టం కాలేదు. నలభై రోజులుగా నేను అంత తేలిగ్గా చేసిన పని ఇంకొకటి లేదు. ఈమె ప్రశ్న మాత్రం తేలిక కాదు.

మా ఇంట్లో ముందుగది ఉంది. అందులో ఇద్రీస్ సామాను ఉంది. తాపీలు, గమేళాలు, పరంజా చెక్కలు, బురద ఎండిన బూట్లు. ఇద్దత్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. నేనే పెట్టుకున్నాను.

"మిషన్లు ఎప్పుడు తెస్తావు?" అని అడిగాను.

జోజమ్మ నా ముఖంలోకి చూసింది. "మాపటికల్ల తెస్త," అంది.

మధ్యాహ్నమంతా సామాను ఒక్కొక్కటే వెనక వరండాలోకి చేరవేశాను. చెక్కలు బరువు. బూట్లు బరువు లేవు. వాటికే ఎక్కువసేపు పట్టింది. నాలుగింటికి ఆటోలో మూడు మిషన్లు, టార్పాలిన్ చుట్టిన నీలంరంగు తాన్లు వచ్చాయి. జోజమ్మ గది అంతా ఒకసారి చూసి, మొదటి మిషన్‌ను కిటికీ కిందికి లాగింది. అక్కడ నేలమీద మంచంకోళ్ల గుర్తులు నాలుగు ఉన్నాయి. ఆమె వాటిని చూసి ఆగింది.

"ఈడ పెడితే నీకేమన్న ఇబ్బందా టీచరమ్మా?"

ఖమ్మం తీసుకెళ్లేముందు మూడు రోజులు అతను అక్కడే పడుకున్నాడు.

"అక్కడే పెట్టు," అన్నాను. "వెలుతురు అక్కడే బాగుంటుంది."