రెండు బీడీల నడక

చంద్రప్ప మాట నమ్మితే, అతని ఫట్‌ఫటి కల్హేర్‌కు పోయిన రోజున మనిషి ముందు చేరాడు, బండి చప్పుడు అరగంట తర్వాత రొప్పుకుంటూ వచ్చింది. మనూర్ దారిలో ఒక కుందేలు దానితో పందెం వేసి ఓడి, సిగ్గుతో ఆ చుట్టుపక్కల చెలకలే విడిచిపోయిందట. ఆ కుందేలును చూసినవాడు ఎవడూ లేడు. యుద్ధం అయిపోయిన మరుసటి యేడు బొల్లారం మిలిటరీ వేలంలో ఆ పాత మోటారుసైకిలు కొని తెచ్చినప్పటి నుంచి, నారాయణఖేడ్‌లో అతని వేగానికి అతనే సాక్షి.

వేగం సంగతి సరే. మెల్లగా నడపడమే చేతకాదు. బజారులో ఒక బర్రె అడ్డం వస్తే చాలు, చంద్రప్ప కళ్లు ముందు చక్రం మీద పడేవి, హ్యాండిల్ వణికేది, జొన్నల బస్తా జారినట్టు ఒక పక్కకు ఒరిగిపోయేవాడు. బర్రె ఒకసారి తలతిప్పి చూసి, నెమరేసుకుంటూ తన దారిన పోయేది.

అతని భార్య కాశమ్మకు సరిగ్గా ఆ చేతకాని విద్యతోనే పనిపడింది.

నాలుగేళ్ల కిందట కలరా గత్తర వచ్చి చంద్రప్ప పోయినంత పనై బతికాడు. మనిషి దక్కితే బోరంచ నల్లపోచమ్మకు ఐదేళ్లు బోనం తెస్తానని కాశమ్మ అప్పుడు మొక్కుకుంది. నాలుగు చెల్లాయి, ఐదోది మిగిలింది. ఈలోగా ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. బోనం ఎత్తుకుని బోరంచ పొలిమేర నుంచి గుడిదాకా డప్పు వెనకాల నడవడం ఇక తన వల్ల కాదంది. ఎడ్లబండి కడదామంటే వాళ్ల ఎడ్లు డప్పు వింటే బెదురుతాయి. ఒకసారి బండిని కందిచేను నడుమదాకా ఈడ్చుకుపోయాయి.

ఉపాయం చెప్పింది చంద్రప్ప అక్క పోశమ్మ. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఆ ఇంట్లోనే ఉంటోంది.

“గా ఫట్‌ఫటి డప్పుకు బెదురదు గదా? బోనం వట్టుకోని కాశమ్మ ఎనుక కూసుంటది. నువ్వు నడిచే ఆడోళ్లను దాటొద్దు. పొలిమేరల లేసిన బోనం గుడి కాడనే దిగాలె. నడుమ నీ కాలు భూమికి ఆనిందంటే బోనం దించినట్టే లెక్క.”

“కాలు ఆనకుంటనా? గాలిల తేలుకుంట పొమ్మంటున్నవా అక్కా?”

“కుందేలును ఓడగొట్టినోనివి, ఆడోళ్ల ఎంబడి పోలేవారా?” అంది పోశమ్మ.

ఆషాఢానికి ఇంకా ఐదు నెలలున్నాయి. మర్నాడు పొద్దున్నే మనూర్ దారిలో చదువు మొదలైంది. వేపచెట్టు నుంచి, దారి కింద నీళ్లు పోయే మోరీదాకా మూడు వందల అడుగులు. కాశమ్మ నెత్తిమీద చుట్టబట్ట, దానిమీద ఖాళీ కుండ పెట్టుకుని ముందు నడిచేది. చంద్రప్ప ఆమెను దాటకుండా, కాలు దించకుండా వెనకాల బండి మీద రావాలి. మోరీ గట్టున గొర్లకాపరి బీరప్ప బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. ఆ తమాషా చూడనిదే అతని గొర్రెలు మేతకు కదిలేవి కావట.

మొదటి వారం చంద్రప్ప నాలుగుసార్లు పడ్డాడు. అది చంద్రప్ప లెక్క. బీరప్ప మాత్రం గొర్రెకొకటి చొప్పున లెక్కపెట్టి, మంద అయిపోతే మేకల మీదికి వచ్చానన్నాడు.

“ఎటు జూస్తున్నవయ్యా?” వెనక్కి తిరగకుండానే అడిగింది కాశమ్మ.

“చక్రం దిక్కు.”

“కుండ మోసేటప్పుడు నేను కాళ్ల దిక్కు జూస్తనా? మోరీ దిక్కు జూడు. మెడ నిలువుగ వెట్టు. కిందిది నడుము సూసుకుంటది.”

చంద్రప్ప ఆమె నెత్తిమీది కుండ పైనుంచి మోరీని చూశాడు. హ్యాండిల్ వణుకు తగ్గింది. క్లచ్చు సగం పట్టి, రేసు ఒక్క తీరుగా ఉంచి, వెనక బ్రేకును కాలి కొసతో తాకీ తాకనట్టు నొక్కితే బండి పాలిచ్చే ఆవులా నెమ్మదించింది. ఆ రోజు ఇరవై అడుగులు పోయాడు. హోలీ పున్నమ నాటికి చెట్టు నుంచి మోరీదాకా కాలు దించకుండా పోయాడు. మోరీ చేరగానే కాశమ్మ తిరిగి చూసి, “ఇగ దిగు,” అనేది. అప్పుడే అతని కాలు నేలకు ఆనేది.

ఆ తర్వాత చదువు మరింత గట్టిదైంది. కాశమ్మ ఇంకా మెల్లగా నడవసాగింది. దారి నడుమ ఆగి చుట్టబట్ట సర్దుకునేది. చంద్రప్ప ఆమె చుట్టూ బండిని మెల్లగా తిప్పాల్సి వచ్చేది.

“ఏందే, నడి తొవ్వల నిలవడ్తవు?”

కాశమ్మ చుట్టబట్ట మరోసారి సర్దుకుంది. “డప్పోళ్లు నిలవడరా? అప్పుడేం జేస్తవు?”

చంద్రప్పకు అదొక ఆట అయింది. తన పక్కన నత్త కూడా పరుగెత్తుతున్నట్టు కనబడుతోందని ఊరంతా చెప్పుకున్నాడు. ఒకరోజు మోరీ దగ్గర అన్నాడు, “కాశీ, ఇప్పుడు నీకంటె నేనే నిమ్మళం.”

“ఔ, నేర్సుకున్నవు,” అంటూ ఆమె మోరీ గట్టు పట్టుకుని కూర్చుంది. చంద్రప్ప బండి మీది దుమ్ము తుడుచుకుంటున్నాడు.

వైశాఖంలో ఒక పొద్దున కాశమ్మ కుండ కడిగి, చుట్టబట్ట చేతిలో పెట్టుకుని గడప మీద కూర్చుంది. చంద్రప్ప బండి బయటికి తీసి పిలిచాడు. పలకలేదు.

కాశమ్మ దినాలు అయ్యాక బీరప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బీడీ తీశాడు గానీ ముట్టించలేదు.

“అన్నా, మొదట్ల వదినె చెట్టు కాడికెల్లి మోరీ కాడికి వచ్చేటాళ్లకు నాకు ఒక్క బీడీ అయితుండె. ఆఖరికి రెండు అయినయి. నువ్వు నేర్సినవని నవ్వుకున్న. గని ముందట నడిసింది వదినె గదా.”

చంద్రప్పకు చుట్టబట్ట గుర్తుకొచ్చింది. ఆమె దారిలో ఆగి సర్దుకున్న ఒక్కసారి కూడా అది జారలేదు. కుండ ఒరగలేదు. తను మోరీ వైపే చూశాడు, మెడ నిలువుగా పెట్టి, ఆమె చెప్పినట్టే.

లోపలి నుంచి పోశమ్మ అంది, “మోకాళ్లు గాదురా, గుండె. నీకు తెలిస్తే తోలుడు బందు వెడ్తవని, మొక్కు ఆగితే నీకేమన్నయితదని నీకు చెప్పొద్దని నాతోటి ఒట్టేయించుకున్నది.”

చావు జరిగిన ఇంటి నుంచి ఆ యేడు బోనం వెళ్లదు. చంద్రప్ప ఏడాది ఆగాడు. కుందేలు కథ మళ్లీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే మనూర్ దారిన బండి చప్పుడు వినబడేది. బీరప్ప రెండు బీడీలు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు.

మరుసటి ఆషాఢంలో పోశమ్మ బోనం వండింది. బోరంచ పొలిమేరలో చంద్రప్ప వెనక సీటు మీద కాశమ్మ చుట్టబట్ట వేసి, దానిమీద బోనం పెట్టి, ఆమె చీరతో తన నడుముకు కట్టుకున్నాడు. డప్పు లేచింది. ఆడవాళ్లు నడిచారు. చంద్రప్ప రెండు బీడీల నడకన పోయాడు. ముందున్నవాళ్లు మాటిమాటికి ఆగాల్సి వచ్చింది. జల్దీ రమ్మని ఎవరూ అనలేదు. అక్కడక్కడా దారి నడుమ, ఏ అడ్డమూ లేనిచోట అతను బండిని మెల్లగా ఒక చుట్టు తిప్పి మళ్లీ సాగాడు. బోనం మీది దీపం ఆరలేదు.

గుడి ముందు అతను ఆగకుండానే, పోశమ్మ పక్కనే నడుస్తూ ముడి విప్పి బోనం ఎత్తుకుంది. మొక్కు చెల్లింది. ఇక కాలు దించవచ్చు. చంద్రప్ప దించలేదు. మెడ నిలువుగా పెట్టి, ఎదురుగా చూస్తూ గుడి ముందర మెల్లగా తిరుగుతూనే ఉన్నాడు. డప్పులు ఆగిపోయాయి. పిలిచినా వినలేదు.

చివరికి బీరప్ప వెళ్లి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఆ నడకలోనే పక్కన నాలుగడుగులు నడిచాడు.

“అన్నా,” అన్నాడు. “ఇగ దిగు.”

చంద్రప్ప కాలు నేల మీద పెట్టి బండి ఆపాడు. తర్వాత వచ్చిన దారివైపు తిరిగి, బండి చప్పుడు ఇంకా వెనకాల వస్తోందేమోనన్నట్టు చాలాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.