ఏడు గంటల తేడా

మే నెల వచ్చిందంటే ఊడ్నీ ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యవు. తలుపు సందుల్లో గుడ్డ పేలికలు కుక్కుతుంది, కుర్చీ ఎత్తి జరుపుతుంది, తెల్ల దుప్పట్లు బయట ఆరెయ్యదు. ఉత్తరాన చలి సముద్రంలోని హెల్గెలాండ్ దీవుల్లో చాలా ఇళ్ళలో అంతే. ఈడర్ బాతులు సముద్రం మీంచి వచ్చి ఇళ్ళల్లోనే పొదుగుతాయి, చప్పుడుకీ తెల్లగా రెపరెపలాడేదానికీ బెదురుతాయి. పిల్లల్ని తీసుకుని పోయేటప్పుడు గూట్లో మెత్తటి నూగు వదిలి పోతాయి. పరుపుల్లో కూరే ఆ నూగు అమ్ముకునే సంసారాలు అవి.

ఊడ్నీ ఇంటి బాతు వంటింటి మెట్ల కింద పొదుగుతుంది. ఆ ఇంట్లో ఎవరైనా అబద్ధం ఆడితే దానికి పడదు. చిన్న అబద్ధానికి మెడ ఎత్తుతుంది. పెద్దదానికి గుడ్లు వదిలేసి నడిచిపోతుంది. గుడ్లు చల్లబడ్డాయంటే ఇక ఆ ఇంటికి ఏ బాతూ రాదు. అందుకని మే నెలలో పాస్టరుగారు కాఫీ గడప బయటే నిలబడి తాగుతారు.

ఊడ్నీ మొగుడు తూర్లైవ్‌కి ఆ బెంగ లేదు. అసలు మాట్లాడితే కదా.

ఆ సోమవారం ఊడ్నీ పడవ కడుగుతూ మోటారు మీటరు చూసింది. పాత ముల్లు మీటరు తీసేసి ఈ వసంతంలోనే అంకెల మీటరు పెట్టించారు. పెట్రోలు, వేడి, టైము, మోటారు నడిచిన గంటలు, అన్నీ దాంట్లోనే. కిందటి సోమవారం నలభై ఒకటి ఉంది. ఇప్పుడు యాభై రెండు. వల దాకా పోయి రావడానికి రోజుకి అరగంట. ఎంత ఉదారంగా చూసినా వారానికి నాలుగు గంటలు. మిగతా ఏడు?

అవతలి దీవిలో గూన్‌వర్ ఉంది. మొగుడు పోయి రెండేళ్ళు. ఆవిడ వంటింట్లో బాతు లేదు.

కిందటి బుధవారం తూర్లైవ్ గడ్డం గీసుకోవడం గుర్తొచ్చింది. వలలో చేపల కోసం గడ్డం గీసుకోవడం ఎందుకు? ఊడ్నీ వంకీకి వేలాడుతున్న అతని స్వెటరు వాసన చూసింది. పెట్రోలు, ఉప్పు. మరీ అంత శుభ్రంగా ఆ రెండు వాసనలే ఉండటం కూడా ఆమెకి నచ్చలేదు.

రేవులో మోటార్లు బాగుచేసే అన్‌ఫిన్ ముసలాయన్ని పిలుచుకొచ్చింది.

"మీటరు పాడైనట్టుంది బాబాయ్," అంది.

ఆయన బ్యాటరీకి టెస్టరు పెట్టాడు. "పన్నెండున్నర వోల్టులు. ఇది నాకన్నా నయం." తీగలు ఊడదీసి, ఉప్పు పట్టి పచ్చబడ్డ కొసలు గీకి తుడిచి మళ్ళీ బిగించాడు. ఎర్త్ తీగ లాగి చూశాడు. మీటరు ఆర్పి వెలిగించాడు. యాభై రెండు.

"పెట్రోలు ఎంత ఖర్చయింది?"

ఊడ్నీ మీటరుని నమ్మక ట్యాంకులో పుల్ల ముంచి చూసింది. "నాలుగు గంటలకి సరిపడా."

"అయితే మోటారు నడవలేదు. ఈ రకం మీటరుకి తాళంచెవి తిప్పి ఉంటే చాలు, మోటారు ఆపినా గంటలు ఎక్కుతూనే ఉంటాయి. నీ మొగుడు మోటారు ఆపేసి ఎక్కడో కూర్చుంటున్నాడమ్మాయ్."

"ఎక్కడ?"

"అది చెప్పే మీటరు ఇంకా రాలేదు."

"నవ్వకు బాబాయ్."

"నవ్వట్లేదు. పళ్ళు లేక అలా కనిపిస్తున్నా."

ఊడ్నీకి ఇది ఇంకా ఘోరంగా తోచింది. తిరిగే మగాడు అలిసిపోయి ఇంటికొస్తాడు. రోజూ గంటసేపు కూర్చునేవాడికి ఎవరో కాఫీ పోస్తూ ఉండాలి.

నాలుగింటికి తూర్లైవ్ భోజనానికొచ్చాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. ఆమె ఉడికించిన కాడ్ చేప, బంగాళాదుంపలు వడ్డించి, మెట్లకి ఎదురుగా నిలబడింది.

"రోజూ ఎక్కడ కూర్చుంటున్నావు?"

"వల దగ్గ..." బాతు మెడ ఎత్తింది. తూర్లైవ్ నోరు మూసుకున్నాడు.

"గూన్‌వర్ ఇంట్లోనా?"

"కాదు."

బాతు ముక్కు నూగులో దూర్చుకుంది. పొద్దుట్నించీ మోసిన అనుమానం అలా జారిపోయేసరికి ఊడ్నీకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి?"

"బాతుల రాళ్ళ పక్కన. అవి బెదరకుండా అక్కడ మోటారు ఆపాలి కదా. ఆపి కూర్చుంటా. పట్నం పోయే స్టీమరు అటే వెళ్తుంది."

"తాళం ఎందుకు తియ్యవు?"

"మీటర్లో టైము కనబడుతుంది. భోజనానికి ఆలస్యమవుతానేమోనని."

బాతు కదల్లేదు.

"స్టీమర్లో ఏముంది?"

"పట్నంలో అన్నయ్య నాకు ఫ్యాక్టరీ పని ఇప్పిస్తానన్నాడు. గది కూడా చూశాడు. బుధవారం ఎక్కేద్దామనే గడ్డం గీసుకున్నా." గొంతు సవరించుకున్నాడు. "మే నెలలో బాతు కోసం ఊరుకుంటాం. జూన్లో అది పోతుంది. మనం మాత్రం అలాగే ఊరుకుంటాం. ఎన్నేళ్ళయింది ఊడ్నీ ఇలా?"

బాతు నిమ్మళంగా కూర్చునే ఉంది. అంటే అంతా నిజమే.

"అయితే పో," అంది ఊడ్నీ. "నాకేం బాధ లేదు."

బాతు లేచి నిలబడింది.

తూర్లైవ్ కిటికీలోంచి సముద్రం చూస్తున్నాడు. "రేపే పోతా."

బాతు గూడు దిగింది. తలుపు వైపు నడవడం మొదలుపెట్టింది. నూగులో నాలుగు లేతాకుపచ్చ గుడ్లు బయటపడ్డాయి. తూర్లైవ్ చటుక్కున లేచాడు, ఊడ్నీ ఒకడుగు ముందుకేసి ఆగింది. దాన్ని పట్టుకోకూడదు, అడ్డం పడకూడదు.

"రేపు కాదు," అన్నాడు తూర్లైవ్. బాతు నడుస్తూనే ఉంది. "వచ్చే వారం," అన్నాడు. ఇంకా గబగబా నడిచింది. గడప దగ్గరికి వెళ్ళిపోయింది. "పోలేను," అన్నాడు. "ఆ బుధవారం కూడా ఎక్కలేకపోయా."

బాతు ఆగింది.

"పోవద్దు," అంది ఊడ్నీ. "నాకు భయం."

బాతు వెనక్కి తిరిగింది. తీరుబడిగా వచ్చి, గుడ్లు సర్దుకుని కూర్చుంది.

ఊడ్నీ తూర్లైవ్ ఎదుటి కుర్చీ బరబరా లాక్కుని కూర్చుంది.

"ఏదైనా చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి."

తూర్లైవ్ ఆలోచించాడు. శనివారం వలలోంచి ఒక చేప తప్పించుకుందన్నాడు. ఇంత ఉందంటూ రెండు చేతులూ బార్లా చాపాడు.

మెట్ల కింద బాతు మెడ ఎత్తింది.

తూర్లైవ్ చేతులు కాస్త దగ్గరికి తెచ్చాడు.