రీడర్‌లో పుస్తకం ఎవరు తీసేశారు

ఢిల్లీ జియా సరాయ్‌లో మూడో అంతస్తు గది. సాయిసుధ పొద్దున్నే టీ పెట్టుకుని, పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ తెరిచేసరికి పవర్ సిస్టమ్స్ పుస్తకం కనిపించలేదు. మిగతావన్నీ ఉన్నాయి. అది ఉండాల్సిన చోటికి పక్క పుస్తకం జరిగి కూర్చుంది. పైకీ కిందికీ జరిపి చూసింది, పేరు కొట్టి వెతికింది. లేదు. టీ చల్లారిపోయింది.

ఒట్టి పుస్తకమైతే అంత బెంగ ఉండేది కాదు. కడప నుంచి ఢిల్లీ వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షకే చదువుతోంది. గది మారినప్పుడల్లా అట్టపెట్టెలు మెట్ల మీదుగా మోయలేక, కాగితం పుస్తకాలన్నీ అమ్మేసి, అవే మళ్లీ ఈ పలకలాంటి రీడర్‌లోకి కొనుక్కుంది. పేజీ పేజీకీ గీతలు పెట్టుకుంది. కోచింగ్‌లో సారు చెప్పిన కిటుకులు, తను పదేపదే తప్పుచేసే లెక్కలు, అన్నీ ఆ గీతల పక్కనే రాసుకుంది. మెయిన్స్ వచ్చే నెల. ఇప్పుడు ఆ రాత మొత్తం పుస్తకంతో పాటే పోయింది.

గదిలో ఉండేది ఇద్దరు. రెండో మనిషి ప్రణతి. వరంగల్ అమ్మాయి, వయసులో చిన్న, అదే బ్రాంచి, అదే పరీక్ష. రీడర్ తెరిచే అంకెలు ఆమెకీ తెలుసు. కొన్న రోజు ఇద్దరూ మంచం మీద కూర్చుని నవ్వుకుంటూ పెట్టిన అంకెలే అవి.

ఆ సాయంత్రం ప్రణతి రాగానే, తన రీడర్ గానీ ముట్టుకుందా అని మామూలుగా అడిగినట్టు అడిగింది సాయిసుధ. లేదక్కా, ఏమైంది అంది ప్రణతి వెంటనే. ఏమీ కాలేదంది సాయిసుధ. కానీ ఆ జవాబు మరీ తొందరగా వచ్చిందనిపించింది. ఆలోచించి చెప్పి ఉంటే అబద్ధం కూర్చుకుంటోందని అనుకునేదే.

అప్పటి నుంచి అన్నీ వేరేగా కనబడసాగాయి. ప్రణతి కోచింగ్ మానేసి లైబ్రరీకి పోతున్నానంటోంది. ఏ లైబ్రరీ అంటే పేరు చెప్పదు. ఫోన్ మోగితే బాల్కనీలోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అంతకు ముందు వారం రీడర్ ఒకసారి ఇస్తావా అని అడిగింది కూడా. ఛార్జింగ్ లేదని సాయిసుధ తప్పించుకుంది. అప్పుడు ప్రణతి, ఛార్జింగ్ నిండినట్టు రీడర్ మూలన వెలుగుతున్న ఆకుపచ్చ లైటు కేసి చూసింది. ఆ చూపు ఇప్పుడు గుర్తొచ్చింది. పోటీ పరీక్షలో ఒకరు వెనకబడితే ఇంకొకరికి లాభమేగా. సాయిసుధకి ఆ ఆలోచన సిగ్గుగానే అనిపించింది, కానీ వదల్లేదు.

అంకెలు మార్చింది. రీడర్‌ని దిండు కింద పెట్టి, పోయేముందు దుప్పటి మడత ఎట్లా ఉందో చూసుకుని పోయేది. వచ్చాక మడత చెదిరినట్టే ఉండేది. తాను సరిగ్గా చూసుకోలేదో, నిజంగానే చెదిరిందో తేల్చుకోలేకపోయేది. ప్రణతి వండిన పప్పు తింటూ ఆమె చేతుల కేసి చూసేది.

ఆదివారం ప్రణతి బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పోయింది. ఆమె సంచి కుర్చీకి వేలాడుతోంది. సాయిసుధ తలుపు కేసి ఒకసారి చూసి, జిప్పు లాగింది. టిఫిన్ డబ్బా, మెట్రో కార్డు, దువ్వెన. అడుగున నీలం తాడుకి కట్టిన గుర్తింపు కార్డు. నోయిడాలో ఏదో కంపెనీ. ఫోటోలో ప్రణతి.

ఖాళీ బకెట్టుతో ప్రణతి గుమ్మంలో నిలబడి ఉంది.

సాయిసుధ ఆ కార్డు పైకెత్తి, "ఇదేంది?" అంది.

"ఉద్యోగం. నేను పరీక్ష రాస్తలేనక్కా. ఎప్పుడో బంజేసిన."

"మరి నాకు చెప్పకుండా ఎందుకు దాచినావు?"

"చెప్తే నువ్వొక్కదానివే అయితవని. నీ మెయిన్స్ అయినంక చెప్దామనుకున్న."

సాయిసుధకి ఆ మాట లోపల ఎక్కడో తగిలింది. అయినా అంతవరకూ పేరుకున్నదంతా నోట్లోంచి బయటపడింది. "ఇన్నాళ్లూ ఇది దాచినదానివి, ఇంకేమేమి దాచినావో నాకెట్ల తెలుస్తాది? నా పుస్తకం తీసేసింది నువ్వేనా, కాదా?"

ప్రణతి బకెట్టు కింద పెట్టింది. ఆ రోజు రీడర్ అడిగింది మెట్రోలో నవల చదువుకుందామనేనని చెప్పింది. పుస్తకం పోయిన సంగతే తనకి తెలియదంది. సాయిసుధ నమ్మలేదు. నమ్మలేదని ఆమె ముఖంలో ప్రణతికి కనిపించింది కూడా. ఆ రెండు రోజుల్లోనే సామాను సర్దుకుని, వైశాలిలో ఉండే చిన్నమ్మ కూతురి ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ గది తాళంచెవి బల్ల మీద పెట్టింది, చేతికివ్వలేదు.

ఇక గది తనది, రీడర్ తనది. సాయిసుధ గుండె నిబ్బరం చేసుకుని చదువులో పడింది.

ఒక మధ్యాహ్నం ఎలక్ట్రికల్ మెషీన్స్ పుస్తకం తెరవబోతుండగా, వైఫై కలిసినట్టు తెర మూలన చిన్న గుర్తు మెరిసింది. ఆమె చూస్తూండగానే ఆ పుస్తకం అట్ట బూడిద రంగుకి తిరిగి, మాయమైంది. వెనక పుస్తకం ముందుకు జరిగింది. సాయిసుధ తలెత్తి తలుపు చూసింది. లోపల్నుంచి గడియ వేసే ఉంది. గదిలో కనబడని మనిషెవరో ఉన్నట్టు ఒళ్లు జలదరించింది. మరుక్షణం ప్రణతి గుర్తొచ్చింది. ఆ జలదరింపు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

పుస్తకాలమ్మిన ఆన్‌లైన్ దుకాణానికి ఫోన్ చేసింది. చాలాసేపు పాట విన్నాక ఒక అబ్బాయి హిందీలో మర్యాదగా మాట్లాడాడు. ఆ ప్రచురణ సంస్థతో తమ ఒప్పందం ముగిసిందనీ, ఆ సంస్థ పుస్తకాలు కొన్నవాళ్లందరి దగ్గర్నుంచీ విడతలుగా తీసేస్తున్నామనీ చెప్పాడు. నేను కొనుక్కున్నవి కదా అంది. మీరు కొన్నది పుస్తకం కాదు మేడమ్, చదువుకునే అనుమతి అన్నాడు. మరి నేను రాసుకున్నదో అంటే, అది పుస్తకంలో భాగం కాబట్టి దాంతోపాటే పోతుందన్నాడు. అప్పుడు ఆమె అన్నిటికన్నా ముఖ్యమైనది అడిగింది.

"అంటే నా రీడర్ ఎవ్వరూ ముట్టుకోలేదా?"

"లేదు మేడమ్. అక్కడ ఎవరూ ముట్టుకోనక్కర్లేదు."

ఫోన్ పెట్టేసి వైఫై కట్టేసింది. మిగిలిన పుస్తకాల్లో తన రాతలు ఎన్ని చేతనైతే అన్ని కాగితాల మీదికి ఎక్కించుకుంది. రాస్తున్నంతసేపూ వేళ్ల కింద పేజీ ఎప్పుడు ఎగిరిపోతుందోనని చూపు పక్కకి తిప్పలేదు.

మర్నాడు హౌజ్ ఖాస్‌లో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి వైశాలి పోయింది. ఏం చెప్పాలో దారంతా కూర్చుకుంది గానీ, తలుపు తీసిన ప్రణతిని చూడగానే ముక్క కూడా గుర్తురాలేదు. దుకాణంవాళ్లు చెప్పింది చెప్పేసి, "నాదే తప్పమ్మా. నిన్ను అనరాని మాటలన్నాను" అంది.

ప్రణతి అడ్డు తప్పుకుంది. "లోపలికి రండి. చాయ్ తాగుతరా?"

ఒకే కంచంలో తిన్న రోజుల్లో ఆ పిల్ల నోట ఎన్నడూ రాని మాట ఆ "రండి". సాయిసుధ గుమ్మంలో ఒక క్షణం ఆగిపోయి, లోపలికి నడిచింది.

చాయ్ తాగుతుండగా ప్రణతి లోపలికి పోయి తన పాత పవర్ సిస్టమ్స్ పుస్తకం తెచ్చింది. అంచులు నలిగిన కాగితం పుస్తకం. తనకింక అక్కర లేదంది. తీసుకోవడానికి సాయిసుధకి చేతులు రాలేదు. ప్రణతే దాన్ని ఆమె ఒళ్లో పెట్టింది. నీ సంచి తెరిచి చూసినందుకైనా నన్ను తిట్టు అంది సాయిసుధ. పుస్తకం సంగతి నాకు అర్థమైంది, ఆ సంచి సంగతే ఇంకా అర్థం కాలేదు అని ప్రణతి నెమ్మదిగా చెప్పింది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదనిపించింది సాయిసుధకి.

మెయిన్స్ రాసిన సాయంత్రం ఫోన్ మోగింది. ప్రణతే.

"పేపర్ ఎట్ల రాసిన్రు?"

ఆ "రాసిన్రు"లో మళ్లీ అదే మర్యాద వినబడినా, బాగానే రాశానంది సాయిసుధ. నీ పుస్తకంలో చూసిన లెక్కే వచ్చిందని, ఏ ప్రశ్న ఎట్లా రాసిందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. అవతల ప్రణతి ఊఁ కొడుతూ అంతా విన్నది. పొద్దున ఆఫీసుందని చెప్పి, ఉంట మరి అని పెట్టేసింది.